ఆ రోజు స్టీరింగు ఎవరి చేతిలో

నీకు,

ఇక్కడ నేను, మన గది, ఎదురింటి పిన్ని, ఆవిడ కుక్క అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీలో టికెట్టు లేకుండా దర్జాగా ప్రయాణం చేస్తున్న మన బుజ్జి మనిషీ క్షేమమనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. కాళ్ల వాపు తగ్గిందా? నిలబడి పాఠం చెప్పొద్దని మీ హెడ్మాస్టరు గారే కుర్చీ వేయించారని రాశావు. ఆయనకు నా తరఫున ఒక దండం పెట్టు. నేను చెబితే ఎలాగూ వినవు.

నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబు రాస్తున్నాను, ఒక్కదానికి తప్ప. అది చివర్లో చెబుతాను. ముందే కాగితం అడుక్కి వెళ్లి చదవకు. నీ సంగతి నాకు తెలుసు.

ఊయల కొన్నావా అన్నావు. కొనలేదు. పిన్ని మనవడిది తెచ్చి, చెక్కంతా గీకి, రంగు వేసి కిటికీ పక్కన పెట్టాను. పుట్టగానే కిటికీ సీటు దొరికితే ఎవరికి చేదు? పిన్ని చూసి నెత్తి కొట్టుకుంది. "గాలీ వానా నేరుగా బిడ్డ మీదే పడతాయి. నీకు బస్సు తప్ప ఇంకేమీ తెలీదా?" అంది. వెంటనే లోపలి గోడ వైపు జరిపాను. బిడ్డకు స్నానం చేయించడం కూడా ఆవిడే నేర్పుతోంది, ఒక బొమ్మతో. "మెడ కింద చెయ్యి! మెడ కింద చెయ్యి!" అని ఆవిడ అరుస్తూనే ఉంది, నేను బొమ్మను బకెట్లో జారవిడుస్తూనే ఉన్నాను. నవ్వకు, ఇప్పుడు చెయ్యి కుదిరింది.

రాత్రుళ్లు లేచే పని చెరి సగం అన్నావు. ఒప్పుకున్నాను. అందుకే దూరపు బస్సు వదిలేసి ఊళ్లో తిరిగే బస్సుకు మార్చమని డిపో మేనేజరును అడిగాను. ఆయన సరేనన్నాడు. నువ్వు వచ్చిన దగ్గర్నుంచి రోజూ ఇంట్లోనే నిద్ర, అంటే మీరిద్దరూ పోనిస్తే.

ఇక ప్రయాణం సంగతి. రావాలంటే ఇప్పుడే రావాలి, ఇంకా నెలలు నిండితే పంపనని డాక్టరమ్మ అన్నదిగా. ఆవిడ మాటే మన మాట. బయల్దేరేముందు ఇంకోసారి చూపించుకో. ఆసుపత్రి కాగితాలు పెట్టె అడుగున కాదు, చేతిసంచిలో ఉండాలి. నీళ్లు తాగడం మానకు. దారిలో బస్సు ఆపమనడానికి మొహమాటపడి గొంతు ఎండగట్టుకునే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. ఆపమంటే ఆపుతాం, ఊరు ఎక్కడికీ పారిపోదు. ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు వెయ్యి. ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా పంటి బిగువున దాచుకోకు. దారిలో ఆసుపత్రులు ఎక్కడెక్కడున్నాయో కనుక్కుని పెట్టాను.

ఏ సీట్లో కుదుపు తక్కువో తేల్చడానికి మొన్న బస్సులోకి చెంబుడు నీళ్లు పట్టుకెళ్లాను. మా కండక్టరు వాగుడుకాయ అని నీకు తెలుసుగా. "ఏంటన్నా, పొద్దున ఇంట్లో పని కాలేదా?" అని బస్సంతా వినబడేలా అడిగాడు. విషయం చెప్పాక మాత్రం ఖాళీ సీట్లన్నిట్లో చెంబు మార్చి మార్చి పెట్టి చూశాడు. వెనక చక్రాల మీది సీట్లో సగం నీళ్లు ఒలికిపోయాయి. మళ్లీ నింపి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యనున్న సీట్లో పెడితే, పక్కనే కూర్చున్న ముసలమ్మ చెంబెత్తి గటగటా తాగేసింది. "చల్లగా ఉన్నాయి నాయనా, మీ డ్రైవరు మంచివాడు" అని దీవించింది కూడా. ఆవిడ తాగేదాకా చుక్క ఒలకలేదట. ఆ సీటే నీకు ఖాయం చేశాను.

ఇప్పుడు ఆ మిగిలిన ప్రశ్న. "నువ్వే నడుపుతావుగా బావా? నువ్వు స్టీరింగు పట్టుకుంటే నాకు భయం ఉండదు" అని రాశావు. చదవగానే పొంగిపోయాను. అవుననే రాద్దామనుకున్నాను.

కానీ పోయిన వారం నా బస్సులో నీలాగే కడుపుతో ఉన్న ఒకమ్మాయి ఎక్కి, ఆ సీట్లోనే కూర్చుంది. గుంట వచ్చినప్పుడల్లా నేను లోపలి అద్దంలో ఆమె ముఖమే చూశాను. కళ్లు మూసుకుంటే నొప్పేమో అనుకున్నాను, పొట్ట మీద చెయ్యి వేసుకుంటే ఏమైందో అనుకున్నాను. అలా చూస్తుండగానే ముందున్న లారీ ఆగిపోయింది. "అన్నా, లారీ!" అని కండక్టరు కేక పెట్టాడు. బ్రేకు అందింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె దగ్గరికి వెళ్లి అడిగితే, "నేను బాగానే ఉన్నానన్నా, మీకే చెమటలు పట్టాయి" అంది.

ముక్కూ మొహం తెలియని మనిషి కోసమే నా కళ్లు రోడ్డు వదిలేశాయి. నువ్వు కూర్చుంటే ఇక రోడ్డు కనబడుతుందా? నాకు భయంగా ఉంది. డిపోలో ఒక్కరికి తప్ప ఎవరికీ ఈ మాట చెప్పలేదు, నీతో అంటున్నాను. నిన్ను నేను నడిపి తీసుకురాలేను.

అందుకే ఆ రోజు బస్సు నడిపేది నత్త మామ. అవును, సైకిళ్లు కూడా దాటిపోతాయని డిపో అంతా ఏడిపించే ఆ పెద్దాయనే. అడగడానికి వెళితే, "వేగం చాలదంటారుగా అల్లుడూ, నాతో పనేం పడింది?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, "మా అమ్మాయిని జాగ్రత్తగా తీసుకొస్తాను. నువ్వు మాత్రం వెనకనుంచి సలహాలిచ్చావో, దారిలో దింపేస్తా" అన్నాడు.

నీకు కోపం వస్తే తిట్టు, కానీ ఈ ఒక్క విషయంలో నన్ను మార్చాలని చూడకు. ముందురోజే నేను అక్కడికి వచ్చేస్తాను. తిరుగు ప్రయాణంలో నీ పక్కనే కూర్చుంటాను. పెళ్లయ్యాక ఎన్నిసార్లు ఒకే బస్సు ఎక్కినా నేను ముందు, నువ్వు వెనక. పక్కపక్కన ఎప్పుడు కూర్చున్నాం? ఆ రోజు నేను చూడాల్సిన రోడ్డేమీ ఉండదు. లోపల కదిలిన ప్రతిసారీ చెప్పు, చెయ్యి వేసి చూస్తాను. ఇన్ని నెలలూ మన బిడ్డ నాకు నీ ఉత్తరాల్లోనే కదిలింది.

ఇట్లు,
నీ పక్క సీటు కోసం ఎదురుచూస్తున్న
నీ బావ