పచ్చ రంగు పడిన ఊరు

ఉట్నూర్,
సోమవారం.

ప్రియమైన అవ్వకు,

నీ బిడ్డ ప్రిస్కిల్లా వందనాలు. దేవుని దయ వల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే ఒక చోట నిలవడం లేదు. అక్కడ నువ్వూ, తమ్ముడు ఫిలిప్ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే మధ్యలో ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటికే రెండు కాగితాలు చింపేశాను.

"ఊర్లు తిరిగి పటాలకు రంగులేసుడు గూడ నౌకరేనా?" అని అడిగావు కదా. నౌకరే అవ్వా, నవ్వకు. ఇంటింటికీ పోయి ఎందరున్నారు, నిన్న ఎన్ని పూటలు తిన్నారు అని అడిగి ఫోన్‌లో ఎక్కిస్తాం. ఆఫీసులో పటం మీద కడుపు నిండిన ఊరికి పచ్చ రంగు, పస్తులున్న ఊరికి ఎరుపు పడుతుంది. అదనపు బియ్యం ఎర్ర ఊళ్ళకే పోతాయి. చలికి స్వెట్టర్ వేసుకుంటున్నావా అని కూడా రాశావు. వేసుకుంటున్నాను.

ఇక్కడికి జీపులో గంట దూరాన, అడవి అంచున ఒక ఊరుంది. పోయిన నెల అక్కడ నలభై ఇళ్ళు తిరిగాను. కొమురవ్వ అనే ముసలామె లోపల కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. "నిన్న రెండు పూటలు తిన్నరా?" అంటే, "తిన్నం బిడ్డా, మాకేం తక్వ? నువ్వు తిన్నవా?" అంది. అన్ని ఇళ్ళలోనూ అదే మాట. ఊరికి నిండుగా పచ్చ రంగు పడింది.

మొన్న శుక్రవారం ఆ దారినే పోతూ ఆగాను. కొమురవ్వ మనవరాలు కళ్ళు తిరిగి పడితే ఆస్పత్రికి తీసుకుపోయారట. రెండు రోజులుగా పిల్ల కడుపులో మెతుకు లేదట. "మరి గా దినం తిన్నమన్నవు గదా?" అని గట్టిగానే అడిగాను. "ఇంటికొచ్చిన ఆడపిల్లకు తిండి లేదని ఎట్ల చెప్తం బిడ్డా?" అంది. పిల్ల ఇంకా ఆస్పత్రిలోనే ఉంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, తిట్టుకో. ఆమె నన్ను మోసం చేయలేదు. ఆ రోజు చల్లారిన పొయ్యి, బోర్లించిన అన్నం గంజు నా కళ్ళతో చూశాను. మన ఇళ్ళలో "తిన్న" అని ఎందుకంటారో నాకు తెలియదా? అయినా పొద్దు గూకితే జీపు దొరకదని ఆమె చెప్పినట్టే ఫోన్‌లో నొక్కేశాను. మిగతా ఇళ్ళకూ అంతే చేశాను. శుక్రవారం నుంచి నాకు కూర్చుంటే తోచదు, నిల్చుంటే తోచదు.

తప్పు నాదేనని ఈ రోజు మా పెద్ద సారు రామచంద్రం గారికి రాసిచ్చాను. "నౌకరి పోతదమ్మా, ఎరుకేనా?" అన్నారు. "పోనియ్యుండ్రి సార్, రేపటికి జర జీపు ఇప్పియ్యుండ్రి" అన్నాను. ఇప్పించారు. పొద్దున్నే పోతాను. ఈసారి తిన్నారా అని అడగను. పొయ్యి ఎప్పుడు ముట్టించారో అడుగుతాను, గంజు మూత తీసి చూస్తాను.

ఆఫీసు నుంచి లేస్తూ, చెయ్యి ఊరుకోక మన చెన్నూరు పటం కూడా తెరిచాను. మన వాడ పచ్చగా ఉంది. నెల రోజులుగా నీకు కూలి దొరకడం లేదని ఫిలిప్ చెప్పాడు. సర్వే వాళ్ళు వచ్చినప్పుడు ఏం చెప్పావు అవ్వా? నాకు మాత్రం "తిన్న" అని రాయకు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ప్రిస్కిల్లా