చిరునామా తప్పు చెప్పారట

ప్రియమైన నాన్నకి,

రోజంతా ఫోనుకి అతుక్కునే ఉద్యోగం కదా, గదికొచ్చాక ఫోను చూస్తేనే ఒళ్ళు మండుతోంది. అందుకే ఉత్తరం. వాగుడుకాయనని వెక్కిరించేవాడివి, ఇప్పుడా వాగుడుకే పోలీసు కంట్రోల్ రూములో జీతమిస్తున్నారు. ఎవరు ఏడుస్తూ ఫోను చేసినా ముందు 'ఏమైంది' అనకూడదట, 'ఎక్కడున్నారు' అనాలి. లైను తెగిపోయినా బండి పంపొచ్చు. ముప్ఫై ఏళ్ళు గస్తీ బండి నడిపినవాడివి, నీకు నేను చెప్పేదేముంది! హెడ్‌ఫోను ఒరిపిడికి కుడిచెవి కందిపోయింది.

నీ వాగుడుకాయ

ప్రియమైన నాన్నకి,

నువ్వు రాసినట్టే చెవికి దూది పెట్టుకుంటున్నాను. కానీ పెద్ద చిక్కొచ్చిపడింది. మొన్న మధ్యాహ్నం ఒక టైలరమ్మ ఫోను చేసింది. ఎవరో కొట్టు షట్టరు విరగ్గొడుతున్నారంది. చిరునామా అడిగి బండికి చెప్పాను. ఐదు నిమిషాల దారికి బండి ఇరవై నిమిషాలు తీసుకుంది. అప్పటికే ఆవిడ తల పగలగొట్టి పోయారు. బతికింది కానీ కుడిచెయ్యి పడిపోయింది.

డ్రైవరు 'చిరునామా తప్పు చెప్పారు' అని రిపోర్టు రాశాడు. ఒప్పుకుంటూ సంతకం పెట్టమని సూపర్‌వైజరు కాగితం ఇచ్చింది. సరిగ్గానే చెప్పాననుకుంటున్నాను. కానీ రోజుకి రెండొందల కాల్స్! వాళ్ళు రికార్డింగు వినే ఉంటారు కదా, వినకుండా కాగితం ఇస్తారా? ఏం చెయ్యను నాన్నా?

నీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

కంగారుపడకు. సంతకం పెట్టెయ్. డ్రైవర్లతో పెట్టుకుని నెగ్గినవాళ్ళు లేరు. మందలించి వదిలేస్తారు. ఇక్కడ ఒకటే వర్షాలు, స్కూటరు మొరాయిస్తోంది. వేళకి తిను.

ఆశీస్సులతో, నాన్న

ప్రియమైన నాన్నకి,

మందలించి వదలరట, ఉద్యోగం పోతుందట. నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. టైలరమ్మ నిద్రపోతోంది. ఆవిడ కూతురు మంచినీళ్ళిచ్చింది. నేనెవరో చెప్పలేక తాగేసి వచ్చేశాను. ఇది నావల్లే జరిగితే నాకీ ఉద్యోగం వద్దు. సోమవారం సంతకం పెట్టేస్తాను. నువ్వూ అదే అన్నావు కాబట్టి కాస్త ధైర్యంగా ఉంది.

నీ వాగుడుకాయ

తల్లీ,

సంతకం పెట్టకు. ఫోనులో చెప్పడానికి నోరు రాక కొరియరులో పంపుతున్నాను, శనివారానికి అందుతుంది.

వాళ్ళు రికార్డింగు విని ఉండరు. నువ్వు కాదంటేనే వింటారు. ఒప్పుకుంటే ఫైలు మూసేస్తారు. ఈ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నువ్వు మూడో తరగతి చదువుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం తిని బండిలోనే కునుకు తీశాను. కంట్రోల్ రూము నుంచి ఒకావిడ వైర్‌లెస్‌లో చిరునామా చెప్పింది. 'దారిలోనే ఉన్నా' అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆవిడ 'వస్తున్నారా అన్నా' అని మూడుసార్లు అడిగింది. నేను వెళ్ళేసరికి ఒక ముసలాయన ప్రాణం పోయింది. చిరునామా తప్పు చెప్పారని రిపోర్టు రాశాను. ఆవిడా నీలాగే తనమీద తనకే అనుమానమొచ్చి సంతకం పెట్టింది. ఆవిడ ఉద్యోగం పోయింది. నేను పూర్తి పెన్షనుతో రిటైరయ్యాను.

నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది.

నాన్న

నాన్నకి,

రికార్డింగు అడిగాను, వినిపించారు. చిరునామా సరిగ్గానే చెప్పాను. డ్రైవరుని సస్పెండ్ చేశారు. నేను మళ్ళీ నా సీట్లో కూర్చున్నాను. టైలరమ్మ చెయ్యి మాత్రం అలాగే ఉంది.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, చింపనూ లేదు. రెండు రోజులు నీమీద కోపంతో అన్నం సయించలేదు. మూడోరోజు మీ కంట్రోల్ రూములో పాతవాళ్ళ దగ్గర వాకబు చేసి ఆవిడ నంబరు పట్టాను. ఆవిడ మీ ఊళ్ళోనే, బస్టాండు వెనక వీధిలో, గడియారాల రిపేరు షాపు మేడమీద ఉంటోంది. పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటోంది. నీ ఇంటికి పావుగంట నడక.

ఫోను చేసి, ఇప్పుడు ఆ ఉద్యోగం చేస్తున్నదాన్నని చెప్పి మాట్లాడాను. ఆ ముసలాయన తనవల్లే పోయాడని ఇవాళ్టికీ అనుకుంటోంది నాన్నా. నేనేమీ చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట.

ఆదివారం ఇంట్లోనే ఉంటానంది. వెళ్ళొచ్చాకే నాకు ఉత్తరం రాయి.

నీ కూతురు