గోడవతల కోడలికి దొడ్డి

తెల్లవారినప్పటి నుంచి ముసురు. కోసిన వావిలాకు ఆరేలా లేదు. మందు నూరే కల్వం కడిగి బోర్లించాను. చేతికి వేరే పని లేదు కాబట్టి వీలునామా రాస్తున్నాను.

ఊరంతా ఆకుల తాత అని పిలిచే నేను, మంచి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నది. రాయించుకున్నది కాదు, నా చేత్తో రాసినది. నాకు మతి చెడిందని పెద్దకొడుకు చెప్పుకు తిరుగుతున్నాడు. తన కారు తాళాలు ఎక్కడ పెట్టాడో మాత్రం రోజూ నన్నే అడుగుతాడు.

1. వీధి వైపు రెండు గదులూ, దుకాణమూ పెద్దకొడుక్కి దఖలు పరుస్తున్నాను. అతను అమ్మే సర్వరోగాల నూనె సీసా మీద నా ఫొటో ఉంచుకోవచ్చు. దాని కింద “ఈ నూనె సంగతి ఈయనకు తెలియదు” అని కనపడే అక్షరాలతో అచ్చు వేయించాలి.

2. నా మందుతో మోకాలినొప్పి పోయిందని పదిమందికీ చెప్పే రిటైర్డ్ గుమాస్తాకు నా కృతజ్ఞతలు. ఆ నొప్పి మందు వేయకపోయినా పోయేదే. ఆయన బతికుండగా ఈ షరతు ఆయనకు చదివి వినిపించకూడదు.

3. ఎముకలు కట్టే నా వియ్యంకుడికి నా చేతికర్ర. నన్ను పాతికేళ్ళుగా “గడ్డి మేపే వైద్యుడు” అంటున్నాడు. విరిగిన నా తుంటికి కట్టు కట్టింది ఆయనే. కర్ర అవసరం వచ్చింది ఆ కట్టు తర్వాతే. కాబట్టి న్యాయంగా అది ఆయనకే చెందుతుంది.

4. ఇక గొడవంతా దేని గురించో ఆ దొడ్డి.

మందు గుట్టు సొంత రక్తానికే చెప్పాలని మా నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పెద్దవాడికి చెప్పబోతే “పేరెందుకు నాన్నా, కిలో ఎంతకి పోతుందో చెప్పు” అన్నాడు. చిన్నవాడు వడ్రంగి. వాడికి చెట్టంటే దూలం. చిన్నకోడలు ఆ వియ్యంకుడి కూతురు. ఆమెకు నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె తొంగిచూస్తోందని చిన్నవాడి ఇంటికీ మా దొడ్డికీ మధ్య గోడ రెండు వరసలు లేపించాను కూడా.

పోయిన నెల నేను మంచంలో ఉండగా, పెద్దవాడు వ్యాను నిలపడానికి దొడ్డి బాగుచేయించాడు. కంటికి ఆనే పువ్వు లేనిదంతా కలుపే అన్నాడట. నేలవేము, నేల ఉసిరి, తిప్పతీగ పీకించి కుప్ప పోయించాడు. పువ్వు బాగుందని ఉమ్మెత్తను ఉంచాడు. ఆ గింజ మనిషిని ఏం చేస్తుందో వాడికి చెప్పబోయినప్పుడు వాడు ఫోనులో ఉన్నాడు.

ఆ సాయంత్రం వానలో చిన్నకోడలు గోడ దిగి వచ్చింది. వేళ్ళు వాడకముందే కుప్పలోంచి ఏరి, దేని చోట దాన్ని నాటింది. కిటికీలోంచి చూశాను. తిప్పతీగను గుణమిచ్చే వేపచెట్టుకు కాకుండా పందిరికి పాకించింది. అది కర్రలు పెట్టి కట్లు కట్టే తండ్రి పోలిక. మిగతా ఏదీ తప్పలేదు.

నేను ఒట్టు తప్పలేదు. మందు నూరుతూ ఏది ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అని పైకి అనుకోవడం నా అలవాటు. గోడవైపు తిరిగి కూర్చునేది వెలుతురు కోసం. అవతల బోర్లించిన గంగాళం మీద కాలు పెట్టిన చప్పుడైతే మళ్ళీ మొదటి నుంచి అనుకునేది మతిమరుపు వల్ల. వీటికి ఎవరూ వేరే అర్థాలు తీయకూడదు.

దొడ్డి, కల్వం, నూరేటప్పుడు కూర్చునే పీట చిన్నకోడలికి, సర్వహక్కులతో. వ్యాను వీధిలో నిలుపుకోవచ్చు.

5. గోడకు తలుపు పెట్టించాలి. చెక్క, పని చిన్నవాడివి. గంగాళం వంటింటికి తీసుకుపోవచ్చు.

ఇవన్నీ జరిపించే భారం బడి పంతులిది. నచ్చనివాళ్ళు నాతోనే తేల్చుకోవాలి, నేనున్నప్పుడే.

జూలై పద్నాలుగు, సోమవారం.
(సంతకం) ఆకుల తాత
సాక్షులు: ఇస్త్రీ బండి అతను, పాత పోస్టుమాను

సంతకాలయ్యాక చేర్చినది: ఇది ఇంట్లోవాళ్ళందరికీ చదివి వినిపించాను. పెద్దవాడు నాలుగో షరతు సగంలో లేచి, మధ్యాహ్నం భోజనం ముట్టకుండా వెళ్ళాడు. తాళాలు నా దిండు కింద ఉన్నాయి కాబట్టి నడిచి వెళ్ళాడు. చిన్నకోడలు అంతా విన్నాక దొడ్డిలోనే ఉండి, తిప్పతీగను పందిరి మీంచి విప్పి చెట్టుకు చుట్టింది. చీకటిపడే వేళకు, గోడ ఎక్కకుండా, వీధి గుమ్మంలోంచి వెళ్ళింది.