ఎడమ కాలి కొలత

శ్రీవాణీ,

నిన్న పక్కింటి బిల్కీస్ ముందర నా పరువు తీసినవు. ముప్పై ఏండ్ల నుంచి దర్జీ పని చేస్తున్న నన్ను అంత మాట ఎవరూ అనలేదు.

నీ ఆకుపచ్చ చుడీదార్ మంచం మీద ఉంది. డ్యూటీ నుంచి రాగానే అన్నం తిని, కాసేపు కాలు దిండు మీద పెట్టుకో. తర్వాత వేళ్ల దగ్గర నుంచి పైకి పట్టీ చుట్టు. అప్పుడే తొడుక్కో. ఎడమ చీలమండ దగ్గర హుక్కులు పెట్టిన, గుంజితే చినుగుతది. బిల్కీస్ చెల్లె పెండ్లికి ఆమెతోనే పో. నేను కొలతలు తీసుకోవడానికి బర్కా ఊరికి పోతున్న.

నీది బోదకాలు. తేడా కనబడొద్దని రెండు కాళ్లూ దాని కొలతకే కుట్టిన. "బాగున్న కాలికి కూడా జబ్బు కుట్టినవా నాన్నా?" అన్నవు. బిల్కీస్ నవ్వింది. నేను చేసిన తప్పేందో ఇప్పటికీ అర్థం కాలేదు.

మీ అమ్మకూ ఇదే జబ్బు. కాలు దాచే లంగాలే కుట్టి ఇచ్చిన. చచ్చేదాకా కట్టింది, ఒక్క మాట అనలేదు. నచ్చి ఊరుకుందో, చెప్పలేక ఊరుకుందో, ఇప్పుడు ఎవరిని అడగాలె?

కుడి కాలు విప్పి దాని కొలతకు బిగించిన. జరీ అంచు నువ్వడిగినట్టు వాచిన కాలికే వేసిన. అందరూ దాన్నే చూస్తరు. నీకు అదే కావాల్నంటివి.

నాన్న

బాగుందో లేదో బిల్కీస్‌తో చెప్పుకో. నాతో అనకు. ఈ బట్టల మాట నేను మళ్లీ ఎన్నడూ ఎత్తను.