కుంటిదాని వాటా

రెడ్డిగూడెం, 8-4-1986

కోళ్ళ డాక్టరు బాణుముర్తీ గారికి మగ్దలేనమ్మ వందనాలు చేసి రాసేది.

నిన్న మీరు నా పెరట్లో నిలబడి నలుగురి ముందు, నేను వేసే నూకల్లో సగం మట్టిపాలే అన్నారు. అంతటితో ఊరుకోక, కుంటి పెట్టని బూటు కొసతో చూపించి, గుడ్డు పెట్టదు కదా తీసేయమన్నారు. పక్కింటి తులసమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

అయ్యా, అది మా దయామణి కోడి. పిల్లగా ఉన్నప్పుడు తలుపు సందున పడి కాలు నలిగితే, దయే ఈనెపుల్ల కట్టి పసుపు రాసి బతికించింది. పోయిన క్రిస్మస్ ముందు జ్వరం నా బిడ్డని తీసుకుపోయింది. పదేళ్ళది. కోళ్ళు మిగిలాయి. అందులో ఒకదాన్ని మీరు తీసేయమంటారు. గుడ్డు ముట్టని ఇంట్లో పుట్టిన మీకు గుడ్డు పెట్టనిదాని మీద అంత కోపం దేనికండీ?

ఇట్లు,
మగ్దలేనమ్మ

తా.క. ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకోండి. కోడి విషయంలో మాత్రం దిద్దొద్దు.

14-4-1986

మగ్దలేనమ్మ గారికి నమస్కారములు.

మీ అమ్మాయి సంగతి నాకు తెలియదు. నొప్పించినందుకు మన్నించండి. అయితే మేత సంగతి మేతదే. నేల మీద చల్లితే కోళ్ళు కాళ్ళతో తన్ని మట్టిలో కలుపుతాయి. అంచు లోపలికి మడిచిన రేకు డబ్బాలో, మూడో వంతు మాత్రమే పోయండి. కోడి వీపు ఎత్తులో వేలాడదీయండి.

గుడ్డు పెట్టని కోడి కూడా రోజుకి వంద గ్రాములు తింటుంది. అదీ వృథా కిందే లెక్క. శాస్త్రం అలా చెబుతోంది, నేను కాదు.

భవదీయుడు,
భానుమూర్తి

తా.క. మీ కార్డులో తప్పులు నాలుగే.

రెడ్డిగూడెం, 20-4-1986

డాక్టరు గారికి,

మీ మాట విన్నందుకు నా కోళ్ళు రెండు రోజులు పస్తులున్నాయి. నూనె డబ్బా కోయించి, అంచు మడిపించి, పెరట్లో రసాల చెట్టు కొమ్మకి కట్టాను. వీపు కొలిచే కట్టాను. దాని మీద ఇంకో జానెడు ఎక్కువ పెట్టాను, ఎదిగే కోళ్ళు కదా అని. దయకి పరికిణీ కుట్టించినప్పుడల్లా అంచున రెండు మడతలు ఎక్కువే వేయించేదాన్ని. పోయినేడు కుట్టించిన ఆకుపచ్చ పరికిణీకి ఆ మడతలు విప్పే పనే పడలేదు.

మీ శాస్త్రంలో ఎదిగేవాటికి లెక్క లేదా? పెట్టలు ఎగిరెగిరి డబ్బాని గుద్దుతున్నాయి. పుంజు పైకెక్కి అందులోనే కాపురం పెట్టింది. తులసమ్మ స్టూలు తెచ్చుకుని మరీ చూస్తోంది.

ఇట్లు,
మగ్దలేనమ్మ

తా.క. ఆ నాలుగు తప్పులేంటో చెప్పకుండా దాచుకున్నారు. అదీ శాస్త్రమేనా?

26-4-1986

మగ్దలేనమ్మ గారికి,

మీ పెట్టలకి ఏడాది దాటింది. అవి ఇక ఎదగవు. డబ్బా దించి కట్టండి. కింద గోనెపట్టా పరిచి, వారం రోజులు రాలిన నూకలు కొలిచి రాయండి. ఎంత పోతోందో మీరే ఒప్పుకుంటారు. కుంటి పెట్ట సంగతి అప్పుడు తేలుద్దాం.

భవదీయుడు,
భానుమూర్తి

తా.క. ఆ నాలుగు తప్పులూ నా పేరులోనే ఉన్నాయి.

రెడ్డిగూడెం, 8-5-1986

డాక్టరు గారికి,

దించి కట్టాను. పట్టా పరిచాను. వారం రోజులూ రోజూ దులిపాను. ఒక్క గింజ లేదు.

తులసమ్మే ఎత్తుకుపోతోందనుకుని కుళాయి దగ్గర నానా మాటలూ అన్నాను. తన కొడుకుల మీద ఒట్టేసింది. నమ్మలేదు. ఎనిమిదో రోజు తోటలో కాయలు ఏరే పని మానుకుని, పొద్దున్నే చెట్టు కింద కూర్చున్నాను.

డబ్బా దగ్గరికి వస్తే మిగతావి కుంటిదాన్ని పొడుస్తున్నాయి. అది చప్పుడు చేయకుండా పోయి డబ్బా కింద పట్టా మీద కూర్చుంది. పైవాళ్ళు ముక్కులతో విదిలించింది విదిలించినట్టు ఏరుకు తింది. డబ్బాలో దానికి వాటాయే లేదండీ. మీరు చెప్పిన వంద గ్రాములు ఎక్కడివి? మీరు తీసేయమన్నదే మీ వృథాని తీసేస్తోంది.

ఇట్లు,
మగ్దలేనమ్మ

తా.క. తులసమ్మకి తప్పయిందని చెప్పుకున్నాను. మీరు ఎవరికి చెప్పుకోవాలో మీకు తెలుసు. దానికి చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను.

20-5-1986

మగ్దలేనమ్మ గారికి,

మా ఆఫీసు వెనుక, రైతులకి చూపించడానికి పన్నెండు కోళ్ళని పెట్టాం. డబ్బా కట్టింది నేనే, శాస్త్రప్రకారం. మీ ఉత్తరం చూశాక దాని కింద పట్టా పరిచాను. వారానికి రెండు మానికలు రాలాయి.

తీసేయమన్న నోటితోనే అడుగుతున్నాను. మీ కుంటి పెట్టని ఒక్క నెల ఇస్తారా?

విధేయుడు,
భానుమూర్తి

తా.క. ఆమెకి నా క్షమాపణ చదివి వినిపించండి. జీపు పంపిస్తాను.

రెడ్డిగూడెం, 25-5-1986

డాక్టరు భానుమూర్తి గారికి (ఈసారి మీ పేరు మీ కార్డు చూసి దింపాను),

ఇవ్వను.

శాస్త్రప్రకారం మీరూ గుడ్డు పెట్టనిదాన్ని ఒకదాన్ని తీసేసే ఉంటారు. నూకలు రాలడం ఆ రోజు నుంచే మొదలైందేమో చూసుకోండి.

చూడాలనుంటే మీరే రండి. తులసమ్మ స్టూలు ఇస్తానంది. మీకు గుడ్డు వండి పెట్టలేను గనుక రసాలు ముగ్గేశాను.

ఇట్లు,
దయామణి తల్లి మగ్దలేనమ్మ

తా.క. గోనెపట్టా గరుకు, కుంటికాలికి ఒరుసుకుంటోంది. తీసేసి దయ ఆకుపచ్చ పరికిణీ పరిచాను. డబ్బా చుట్టూ చాలలేదు. రెండు మడతలూ విప్పాను. సరిపోయింది.