మాగని మడ్డి

అన్నా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. బాగున్నావా అని అడగను. నీ మీద నాకు ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నాను.

వకీలు సాబ్ తోట మన చెయ్యి జారిపోయింది. నిజామాబాద్‌లో మనకు పేరు తెచ్చిందే ఆ తోట. నువ్వు నీ చేతులతో నాటిన పన్నెండు మామిడి మొక్కలూ చచ్చిపోయాయి. చంపింది నేనే. కానీ తప్పులో సగం నీది.

ఎండలు మొదలవగానే బోధన్ మిల్లు నుంచి రెండు బండ్ల చెరకు మడ్డి, అదే రసం వడగట్టాక మిగిలే నల్లటి మట్టిలాంటి పిప్పి, తెప్పించాను. బండ్లు నేరుగా తోటకే తోలించాను. నువ్వు వేసే ఎరువే కదా అని, వచ్చింది వచ్చినట్టే ఒక్కో మొక్క మొదలు దగ్గర గంపెడు పోశాను. పది రోజులకు ఆకు మాడింది. దాహమేమో అనుకుని ఇంకా నీళ్లు పెట్టాను... తవ్వి చూస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. మొక్కల వేళ్లు ఉడికిపోయాయి.

వకీలు సాబ్ వచ్చి ఎండిన మొక్కలన్నీ చూశాడు. నీ పేరు తలుచుకుని గేటు వేసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

నువ్వు మడ్డిని ఇంటి వెనక కుప్ప పోసి, పేడ కలిపి, వానాకాలం దాటేదాకా ముట్టనిచ్చేవాడివి కాదు. పిసినారి, దాచుకుంటున్నాడు అని నేను నీ చాటున నవ్వేవాణ్ణి. ఎందుకు ఆపుతున్నావో ఒక్కసారైనా చెప్పావా? అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. "కండ్లున్నయి గద, సూసి నేర్సుకో. నోటితోని చెప్తె గాలికి పోతది."

పదహారేళ్లు నీ వెనక నిచ్చెన మోశాను. చూస్తూనే ఉన్నాను. కుప్ప కనిపించింది. కుప్పలోని వేడి కళ్లకు ఎట్లా కనిపిస్తుంది?

ఇంకో సంగతి మొన్న తెలిసింది. వదినకు తెలుసట! పచ్చి మడ్డి వేస్తే వేళ్లు కాలుతాయని పెళ్లైన కొత్తలోనే ఆమెకు చెప్పావట. మరి నాకెందుకు చెప్పలేదని గట్టిగా అడిగితే, తల దించుకుని నీ మాటే చెప్పింది. "వానికి పని మొత్తం చెప్తె రేపు నా ఎదురుంగనే తోటలు గుత్త పడ్తడు."

సొంత తమ్ముణ్ణి కదా అన్నా...

నిజమే, ఒకసారి నవీపేట్‌లో నీకు తెలియకుండా వేరే తోట మాట్లాడుకున్నాను. మళ్లీ భయపడి వదిలేశాను. అది నీ చెవిన పడిందని నాకేం తెలుసు? పడితే పిలిచి రెండు చెంపలూ వాయించకపోయావా? ఆ కోపానికి చెట్లేం చేశాయి?

ఇప్పుడు నీ మీద కసి తీర్చుకుంటున్నాను. బోధన్ బజారులో చెట్లపని చేసేవాడు ఎవడు కనిపించినా పిలిచి మరీ చెబుతున్నాను. మడ్డి ఎన్నాళ్లు మాగాలో, పెద్ద కొమ్మ కోసేటప్పుడు ముందు కిందినుంచి ఎందుకు గాటు పెట్టాలో, నువ్వు దాచిందంతా. వాళ్లు నిన్నే మెచ్చుకుంటున్నారు. దానికీ నాకు మంటే.

నీ సమాధి పక్కన మామిడి మొక్క పెట్టమని వదిన రోజూ పోరుతోంది. ఈ వానాకాలం పెట్టనని చెప్పేశాను. మిగిలిన మడ్డిలో పేడ కలిపి ఇంటి వెనక కుప్ప పోశాను. పొద్దున చెయ్యి పెట్టి చూశాను, ఇంకా కాలుతోంది.

అది చల్లారాక మొక్క తీసుకుని వస్తాను. అప్పటిదాకా నన్ను పిలవకు.

నీ తమ్ముడు,
సాయిలు