మూత లోపలి రాత

మార్చి 3

లాండ్రీలో డ్రయ్యర్ ఆఫ్ చేసినా వేడెక్కుతోందట. కూతురు ఫోన్లో చెప్పింది. చూపు మందగించిందని పన్నెండేళ్ల కిందట నన్ను ఇంటికి పంపిన ఓనరు, ఇప్పుడు చూపున్నవాళ్లనే పెట్టుకున్నాడుగా. చూసుకోమను. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మార్చి 5

ఆ కంట్రోల్ పెట్టె నేను కట్టిందే. లోపల వేలిగోరంత చిప్. అందులో ఒకవైపు బుల్లి ఎల్ఈడీ, రెండోవైపు ఆ వెలుగు పడగానే మేలుకునే చిన్న ట్రయాక్, అంటే కదలని స్విచ్చన్నమాట. మధ్యలో తీగ ఉండదు, వెలుగే. చిన్నది పక్కనున్న పెద్ద ట్రయాక్‌ను లేపుతుంది. అప్పుడు హీటర్‌కు కరెంటు. పెద్దది షార్టయితే ఇక వెలుగుతో పనిలేదు, కరెంటు పోతూనే ఉంటుంది. పెట్టె మీది ఎర్ర దీపం మాత్రం బుద్ధిగా ఆరే ఉంటుంది. దీపం చెప్పేది మనమిచ్చిన ఆజ్ఞ. అవతల విన్నారో లేదో దానికేం తెలుసు? మా ఇంట్లో నా మాటలాగే.

మార్చి 6, ఉదయం 7

రిపేరుకు పిలిచింది మా అల్లుణ్ణట! రేపు పదింటికి.

ఎలక్ట్రీషియనే. ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. పెళ్లికి ముందే చెప్పాను, ఎవరు విన్నారు?

సాయంత్రం 4

పంతం చంపుకుని ఫోన్ చేశాను. మెయిన్ దించకుండా చెయ్యి పెట్టకన్నాను. మెయిన్ దించితే మెషీన్లన్నీ ఆగిపోతాయి మామయ్యా, ఓనరు ఊరుకోడు, దీపం ఆరిందో లేదో చూసుకుంటాలే, మీరు పేపరు చదువుకోండి అని నవ్వాడు. దీపాన్ని నమ్మమని ఏ గాడిద చెప్పిందయ్యా అని అరిచాను. పొద్దున మూత తీసి చూసొచ్చాను, పెట్టెలోనే రాసుంది కదా అన్నాడు. చదవడం కూడా వచ్చన్నమాట.

మార్చి 7, ఉదయం 6

కంటిమీద కునుకు లేదు. మా ఆవిడ ఒకటే మాటంది: మీ పంతాలు సరే, పిల్ల బతుకేం కాను?

చొక్కా వేసుకున్నాను.

మధ్యాహ్నం 2

గుమ్మంలోనే ఓనరు, ఏం పెద్దాయనా కళ్లొచ్చాయా అన్నాడు. మింగేశాను.

దీపం ఆర్పించాను. హీటర్ టెర్మినల్ మీద టెస్టర్ పెట్టమన్నాను. టెస్టర్ వెలిగింది. అల్లుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మెయిన్ దించి, పని అయ్యేదాకా దాని పిడి పట్టుకునే నిలబడ్డాను. మెషీన్లు ఆగాయి, ఓనరు అరుపులు ఆగలేదు.

అల్లుడు పెట్టె మూత తిప్పి నా ముందు పెట్టాడు. లోపలివైపు తెల్ల పెయింటుతో: ఎర్ర దీపం ఆరితే చెయ్యి పెట్టవచ్చు. కింద సంతకం.

నాది. నిన్న నేనడిగిన గాడిద దొరికింది.

మార్చి 8

అదే రాతతో అలాంటి పెట్టెలు మొత్తం పదకొండు చోట్ల కట్టాను. అల్లుడికి ఫోన్ చేశాను.

మొదటిదెక్కడ మామయ్యా అన్నాడు.